అమెరికా ఎన్ని గంటలు? అమ్మకి ఏం చెప్పాలి?

కోనసీమ నుంచి ఒకాయన పెద్ద ఉత్తరం రాశారు, పేరు వద్దన్నారు. కొబ్బరి వ్యాపారం చేసుకుంటూ భార్యాపిల్లలతో అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నారు. చెల్లెలు డాలస్‌లో ఉంది, ఫిబ్రవరి రెండో వారంలో డెలివరీ. తొలి కాన్పు కాబట్టి అమ్మ వెళ్ళాలని అందరూ ఎప్పుడో అనుకున్నారు, వీసా కూడా వచ్చేసింది. అమ్మగారికి 64 ఏళ్ళు, షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, విమానం ఎప్పుడూ ఎక్కలేదు, ఇంగ్లీష్ రాదు. నాన్నగారికి 72, గుండెకి స్టెంట్ వేసి రెండేళ్ళయింది, ఆయన అంత దూరం రాలేరు.

చెల్లెలు రెండు టికెట్ల స్క్రీన్‌షాట్లు పంపింది. మొదటిది దుబాయ్ మీదుగా. జనవరి 20, మంగళవారం తెల్లవారుజామున 4:20కి హైదరాబాద్‌లో బయల్దేరి, అదే 20వ తేదీ సాయంత్రం 4 గంటలకి డాలస్‌లో దిగుతుంది. రెండోది లండన్, న్యూయార్క్ మీదుగా, 18,000 రూపాయలు తక్కువ, 34 గంటలు అని రాసుంది. ఈయన మొదటిది చూసి, పొద్దున 4:20 నుంచి సాయంత్రం 4 దాకా లెక్కేసి, "పన్నెండు గంటలు కూడా పట్టదమ్మా, హైదరాబాద్ బస్సు కంటే రెండు గంటలు ఎక్కువ అనుకో" అని అమ్మకి చెప్పారు. ఆవిడ ధైర్యం తెచ్చుకుని పెట్టె కూడా సర్దడం మొదలుపెట్టారు. ఈలోగా కువైట్‌లో పదేళ్ళు పనిచేసి వచ్చిన ఎదురింటావిడ, "కువైట్ నుంచి ఇంటికి రావడానికే నాకు ఒక రోజు పట్టేది, అమెరికా పన్నెండు గంటలేంటి, రెండు రోజులు" అంది. దూరాలు చూపించే వెబ్‌సైట్‌లో కొడితే 14,400 కిలోమీటర్లు, 16 గంటలు అని వచ్చింది. టికెట్‌ని మళ్ళీ చూస్తే కింద చిన్న అక్షరాల్లో 23 గంటల 10 నిమిషాలు అని ఉంది. అమ్మగారు "పన్నెండు గంటలన్నావు కదరా, నన్ను మభ్యపెట్టి ఎక్కించేద్దామనుకున్నావా, నేను వెళ్ళను" అని కూర్చున్నారు. చెల్లెలు ఫోన్ చేసి, నాన్నని చూసుకోవాల్సి వస్తుందని నువ్వూ వదినా కలిసి అమ్మని భయపెట్టారు అని ఏడ్చింది. టికెట్ ఇంకా కొనలేదు, రోజూ రేటు పెరుగుతోంది. "అసలు నిజంగా ఎన్ని గంటలండీ? అమ్మని ఒప్పించాలా, వదిలేయాలా?" అని ఉత్తరం ముగించారు.

బాబూ, ముందు లెక్క తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో గొడవ అంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతోంది. ఇన్ని అంకెల్లో తప్పు ఒక్కటే, మీరు చెప్పిన పన్నెండు గంటలు. మిగతావన్నీ నిజమే, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కొక్కదాన్ని కొలిచారు.

మీ పొరపాటు ఎక్కడంటే, టికెట్ మీద బయల్దేరే టైమ్ హైదరాబాద్ గడియారం ప్రకారం, దిగే టైమ్ డాలస్ గడియారం ప్రకారం ఉంటుంది. ఈ రెండిటికీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, వాళ్ళు మార్చిలో గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుకున్నాక పదిన్నర గంటలు. మనకి పొద్దున ఆరున్నరకి తెల్లవారుతుంటే మీ చెల్లెలికి అప్పుడు ముందు రోజు రాత్రి ఏడు. కాబట్టి మీకు కనిపించిన 11 గంటల 40 నిమిషాలకి పదకొండున్నర కలపండి, సరిగ్గా 23 గంటల 10 నిమిషాలు వస్తుంది. చదువుకున్నవాళ్ళూ, ఉద్యోగాలు చేసేవాళ్ళూ కూడా మొదటిసారి ఇక్కడే తడబడతారు. మీరు కావాలని అబద్ధం చెప్పలేదు, కానీ అమ్మగారికి ఆ సంగతి తెలియదు, దాని గురించి తర్వాత చెప్తాను.

ఇక 14,400 కిలోమీటర్లు. అది హైదరాబాద్ నుంచి డాలస్‌కి భూగోళం మీద దారం లాగి పట్టుకుంటే వచ్చే దూరం. మీ పిల్లల దగ్గర గ్లోబు ఉంటే నిజంగానే దారం పెట్టి చూడండి. గోడ మీద మ్యాపు చూస్తే పడమటికి అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి వెళ్ళాలనిపిస్తుంది కానీ, దారం మాత్రం నేరుగా పైకి వెళ్ళి ఉత్తర ధ్రువానికి దగ్గరగా తిరిగి అవతలి వైపు కిందకి దిగుతుంది, ఎందుకంటే డాలస్ మనకి భూమి మీద దాదాపు అటుపక్కన ఉంది. పెద్ద విమానం గంటకి 900 కిలోమీటర్లు చొప్పున వెళ్తుంది కాబట్టి, భాగించి 16 గంటలు అని ఆ వెబ్‌సైట్ చూపించింది. అంతే, అది కాగితం మీది లెక్క. హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఆగకుండా వెళ్ళే విమానమే లేదు. అంత దూరం ఎగరలేక కాదు, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లకి పైగా, 18 గంటలు దాటి ఆగకుండా వెళ్ళే విమానం ఉంది. మన దారిలో మాత్రం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే.

దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550, అక్కడి నుంచి డాలస్ సుమారు 12,940, మొత్తం 15,500 దాకా. అందులో మొదటి ముక్క 3 గంటల 50 నిమిషాలు, దుబాయ్‌లో ఆగేది 3 గంటల 20 నిమిషాలు, రెండో ముక్క 16 గంటలు. ఈ చివరి 16 గంటలు ఎందుకంటే, పైన పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది, అమెరికా వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెనక గాలి. అందుకే వచ్చేటప్పుడు అదే దూరం గంటో గంటన్నరో తక్కువ పడుతుంది. ఆ రోజు గాలి ఎలా ఉందో, ఏ దేశం మీదుగా దారి ఇచ్చారో దాన్ని బట్టి అరగంట అటూ ఇటూ కూడా అవుతుంది.

ఇప్పుడు ఆ రెండో టికెట్ చూడండి. హైదరాబాద్ నుంచి లండన్ సుమారు 7,750, లండన్ నుంచి న్యూయార్క్ 5,540, అక్కడి నుంచి డాలస్ 2,240. కలిపితే అదీ 15,500 పైచిలుకే! కిలోమీటర్లలో రెండిటికీ తేడా లేదు, గంటల్లో పదకొండు గంటల తేడా. మీది కోనసీమ కాబట్టి కోటిపల్లి రేవు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కోటిపల్లికీ ముక్తేశ్వరానికీ మధ్య గోదావరి పాయ గౌతమి వెడల్పు ఎప్పుడూ ఒకటే. కానీ అవతలి ఒడ్డుకి ఎంతసేపు అని అడిగితే, పంటు ఇటు ఉందా అటు ఉందా, జనం ఎక్కారా లేదా, ఇసుక మేటలు తప్పించి తిప్పి తీసుకెళ్తున్నారా, అవన్నీ చూసి చెప్పాలి. దాటేది కాసేపే, రేవులో నిలబడేదే ఎక్కువ. విమానాల్లోనూ అంతే, గంటలు తినేసేది ఆకాశం కాదు, మధ్యలో నేల మీద ఎదురుచూసే చోట్లే.

మీ ఎదురింటావిడ లెక్క చూద్దాం, నాకైతే అందరిలోకీ ఆవిడే సరిగ్గా చెప్పారనిపించింది. ఆవిడ విమానాన్ని కాదు, గడప నుంచి గడపకి కొలిచారు. మీ ఊరి నుంచి రావులపాలెం మీదుగా హైవే ఎక్కి మధురపూడిలో రాజమండ్రి ఎయిర్‌పోర్ట్ చేరేసరికి రెండున్నర గంటలు వేసుకోండి. సోమవారం పగలు పదకొండింటికి ఇల్లు కదిలి, మధ్యాహ్నం విమానంలో హైదరాబాద్ వెళ్ళారనుకుందాం. రాత్రి పన్నెండుకల్లా శంషాబాద్‌లో ఉండాలి, తెల్లవారుజామున 4:20కి విమానం. మన టైమ్ ప్రకారం మంగళవారం ఉదయం 8:10కి దుబాయ్‌లో దిగుతారు, 11:30కి మళ్ళీ ఎక్కుతారు, బుధవారం తెల్లవారుజామున 3:30కి డాలస్. ఇమ్మిగ్రేషన్, పెట్టెలు, కారులో ఇల్లు, ఇంకో రెండున్నర గంటలు. అంటే బుధవారం ఉదయం ఆరు. మొత్తం 43 గంటలు. అమ్మగారికి చెప్పాల్సిన అంకె ఇది. "దాదాపు రెండు రోజులు పడుతుందమ్మా, అందులో నువ్వు ఒక్కదానివే ఉండేది శంషాబాద్‌లో నేను చెయ్యి ఊపిన దగ్గర్నుంచి డాలస్‌లో చెల్లి కనిపించేదాకా, ముప్ఫై గంటల లోపు" అని.

ఇంకో మాట, ఈ తేదీ దగ్గర చాలామంది మోసపోతారు. 20వ తేదీ తెల్లవారుజాము 4:20 అంటే 19 రాత్రికే మీరు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. 20 రాత్రి వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడి లబోదిబోమన్నవాళ్ళని నేను చూశాను.

లెక్క అయిపోయింది. ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యం రాసి దాటేసిన సంగతికి వస్తాను. అమ్మ పెట్టె సర్దుకుంటూ "మీ నాన్నకి పొద్దున్నే కాఫీ ఎవరు కలుపుతారు" అని రెండుసార్లు అడిగారని రాశారు. మీరు దాన్ని మామూలు మాటగా తీసుకున్నారు. నాకు మాత్రం అసలు చిక్కంతా అక్కడే ఉందనిపిస్తోంది. స్టెంట్ వేయించుకున్న మనిషిని వదిలి వెళ్తున్న ఆవిడకి, వెళ్ళడానికి ఎన్ని గంటలు అన్నది అంత ముఖ్యం కాదు. ఇక్కడ ఏదైనా అయితే తను ఎన్ని గంటల్లో వచ్చి వాలగలదు, అది ఆవిడ లెక్క. మీరు పన్నెండు అన్నప్పుడు ఆవిడ ధైర్యం తెచ్చుకున్నది విమానంలో పన్నెండు గంటలు కూర్చోగలనని కాదు, కబురు అందితే రాత్రికి రాత్రి వచ్చేయగలనని. ఎదురింటావిడ రెండు రోజులు అనగానే ఆ ధైర్యం పోయింది. "మభ్యపెట్టావు" అన్న మాట అందుకే అంత గట్టిగా వచ్చింది.

కాబట్టి ఆ ప్రశ్నకి కూడా నిజమే చెప్పాలి. డాలస్‌లో సోమవారం రాత్రి ఏడింటికి విమానం ఎక్కితే హైదరాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున, ఇల్లు చేరేది బుధవారం మధ్యాహ్నం. టికెట్ దొరకడానికి ఒక రోజు వేసుకుంటే రెండు నుంచి రెండున్నర రోజులు. అంతకన్నా త్వరగా రావడం కుదరదు. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, అయినా చెప్పండి. మళ్ళీ ధైర్యం చెప్పాలనే ఉద్దేశంతో "ఏముందమ్మా, ఒక్క రోజులో వచ్చేయొచ్చు" అంటే ఈసారి ఆవిడ మిమ్మల్ని ఇక నమ్మరు. ముందు కూర్చుని, "అక్కడి టైమ్, ఇక్కడి టైమ్ కలిపేసి తప్పు లెక్క వేశానమ్మా, నిన్ను మోసం చేయాలని కాదు" అని మీ నోటితో చెప్పండి, ఫోన్‌లో చెల్లెలిని కూడా ఉంచి చెప్పండి. చెల్లెలు, మీరు విడివిడిగా మాట్లాడుకున్నంతకాలం ఆ అమ్మాయికి మీ మీద అనుమానం తగ్గదు. నెలలు నిండుతున్న పిల్ల, దూరాన ఒక్కతే ఉంది, ఆ మాటలు మనసులో పెట్టుకోకండి.

నాన్నగారి ఎదుట కూడా ఇదంతా మాట్లాడండి. ఆయన ఏమన్నారో ఉత్తరంలో ఎక్కడా లేదు. "నువ్వు వెళ్ళు, నేను బాగానే ఉంటాను" అన్న మాట కొడుకు చెప్తే ఒకలా ఉంటుంది, ఆయన చెప్తే వేరు. బయల్దేరే ముందు ఆయన్ని గుండె డాక్టర్‌కి ఒకసారి చూపించి, అమ్మని కూడా వెంట తీసుకెళ్ళండి, డాక్టర్ చెప్పేది ఆవిడ చెవులతో విననివ్వండి. ఇంకొకటి, మీ భార్యని ఎవరైనా అడిగారా? మూడు నాలుగు నెలలు మావయ్యగారి మందులు, పథ్యం, పిల్లలు, ఇల్లు అన్నీ ఆవిడ మీదే పడతాయి, పైగా భయపెట్టిందన్న నింద కూడా ఆవిడ మీదకే వచ్చింది. ఆవిడ తనంతట తాను "నేను చూసుకుంటాను అత్తయ్యా" అంటే అమ్మగారికి సగం బరువు దిగుతుంది, కానీ ఆ మాట మీరు ఆవిడ చేత అనిపించకూడదు.

ఇక దారులు. ఏది మంచిదో నేను తేల్చి చెప్పను, ఏది ఎంచుకుంటే ఏమవుతుందో చెప్తాను.

దుబాయ్ మీదుగా వెళ్ళే టికెట్‌లో మంచి ఏమిటంటే మారేది ఒక్కసారి, అమెరికాలో దిగేది నేరుగా డాలస్‌లోనే. ఇమ్మిగ్రేషన్ అక్కడే, పెట్టెలు అక్కడే, తలుపు దాటితే కూతురో అల్లుడో ఉంటారు. ఇబ్బంది ఆ 16 గంటలు ఒకే సీట్లో కూర్చోవడం. మోకాళ్ళ నొప్పులు, షుగర్ ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు, కాళ్ళు వాస్తాయి, కొంతమందికి కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. నడవా పక్క సీటు తీసుకోవాలి, గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయాలి, బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు మానేయకూడదు, మన ఆడవాళ్ళు చేసే పని అదే. బిగుతు సాక్సులు వేసుకోవాలా అన్నది డాక్టర్‌ని అడగండి. షుగర్ మాత్రలు ఏ టైమ్‌కి వేసుకోవాలో కూడా ముందే రాయించుకోండి, ఇన్సులిన్ అయితే తప్పకుండా. మందులన్నీ చీటీతో సహా చేతి బ్యాగ్‌లోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు. షుగర్ ఉన్నవాళ్ళకి వేరే భోజనం, శాకాహారం, ఇలాంటివి ముందుగా చెప్తేనే పెడతారు, ఎక్కాక అడిగితే ఉండకపోవచ్చు.

18,000 మిగిలే టికెట్‌లో లండన్‌లో ఏడు గంటలు, న్యూయార్క్‌లో అయిదు గంటలు ఆగాలని మీరే రాశారు. ఒక్కసారిగా 16 గంటలు కూర్చోవక్కర్లేదు, మధ్యలో కాళ్ళు సాగుతాయి, అది నిజమే. కానీ అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్ అవ్వాలి, పెట్టెలు కూడా అక్కడే తీసుకుని మళ్ళీ వేయాలి. అంటే న్యూయార్క్‌లో, ఎవరూ తెలియనిచోట, 46 కిలోల సామానుతో, ఇంగ్లీష్ రాని అమ్మ, మళ్ళీ సెక్యూరిటీ దాటి ఇంకో విమానం పట్టుకోవాలి. మొదటి విమానం లేటయితే మూడోది తప్పిపోతుంది. తోడు ఉంటే ఇది ఆలోచించొచ్చు. ఒంటరిగా అయితే, ఆ డబ్బు అమ్మ పడే టెన్షన్‌కి సరితూగుతుందా అన్నది మీ ఇంట్లో వాళ్ళు తేల్చుకోవాలి. 

ఏ టికెట్ అయినా వీల్‌చైర్ అడగండి. టికెట్ కొన్నప్పుడే చెప్పొచ్చు, లేదా బయల్దేరడానికి రెండు రోజుల ముందైనా చెప్పాలి, విడిగా డబ్బు తీసుకోరు. కౌంటర్ నుంచి విమానం దాకా, దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి, డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ దాటించి పెట్టెల దగ్గరికి, అన్నీ వాళ్ళే తీసుకెళ్తారు. "నాకేమన్నా కాళ్ళు లేవా" అని అమ్మగారు అంటారేమో. ఆ ఎయిర్‌పోర్ట్‌లలో గేటుకీ గేటుకీ మధ్య నడకే ఒక పెద్ద దూరం, మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళ కోసమే పెట్టిన ఏర్పాటు అది, శుభానికి వెళ్తూ అందులో కూర్చుంటే తప్పేమీ లేదని పెద్దవాళ్ళెవరితోనైనా చెప్పించండి. మీ ఎదురింటావిడ చెప్తే ఇంకా బాగా వింటారు. నిజానికి ఆవిడని ఒక పూట ఇంటికి పిలిచి కూర్చోబెట్టండి. ఎయిర్‌పోర్ట్‌లో ఎలా ఉంటుందో, బెల్టు ఎలా పెట్టుకోవాలో, విమానంలో బాత్రూమ్ తలుపు ఎలా తీయాలో, ఇవన్నీ భాష రాకుండా ఒంటరిగా గల్ఫ్ వెళ్ళొచ్చిన మన కోనసీమ ఆడవాళ్ళకి తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు.

తోడు సంగతి. ఆ రోజుల్లో అదే విమానంలో వెళ్ళే తెలుగువాళ్ళు దొరకడం కష్టం కాదు, డాలస్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, మీ చెల్లెలు వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే కొడుకుల దగ్గరికో కూతుళ్ళ దగ్గరికో వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు తేలతారు. దొరికితే అమ్మకి సగం భయం పోతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి, ఎంత మంచివాళ్ళయినా వాళ్ళిచ్చిన పొట్లం ఏదీ మన పెట్టెలో పెట్టకూడదు.

రాజమండ్రి నుంచి హైదరాబాద్ ఎలా వెళ్ళాలన్నది మీరు చిన్న విషయం అనుకుంటున్నారు కానీ, జనవరిలో అదే చిక్కు. మన వైపు పొద్దున్నే మంచు దట్టంగా కమ్మేస్తుంది, ఉదయం విమానాలు లేటవడమో రద్దవడమో జరుగుతూనే ఉంటుంది. ఆ టికెట్, అమెరికా టికెట్ విడివిడిగా కొంటే, మొదటిది లేటయి రెండోది తప్పిపోయినా అమెరికా తీసుకెళ్ళే కంపెనీకి బాధ్యత ఉండదు. పైగా మన దేశంలో తిరిగే విమానంలో మామూలుగా 15 కిలోలే ఒప్పుకుంటారు, అమెరికా టికెట్‌లో చాలావరకు 23 కిలోల పెట్టెలు రెండు, మిగతా 31 కిలోలకి రాజమండ్రిలో విడిగా కట్టాలి. అమ్మతో మీరూ వెళ్తున్నారు కాబట్టి మీ 15 కూడా కలుస్తుంది, అయినా చాలదు. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు కాబట్టి, ఒక రాత్రి ముందే బస్సులోనో, రాజమండ్రి వెళ్ళి రైల్లోనో హైదరాబాద్ చేరి, బంధువుల ఇంట్లో ఒక పగలు నడుం వాల్చి, రాత్రికి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళడం ఇంకో దారి. అప్పుడు గడప నుంచి గడపకి 43 కాస్తా 58 గంటలు అవుతుంది, కానీ సామాను బెంగ ఉండదు, మంచు బెంగ ఉండదు, మధ్యలో ఒక స్నానం, ఒక నిద్ర దొరుకుతాయి. అలా అయితే ఇల్లు కదిలేది ఆదివారం రాత్రి అవుతుంది, ఆదివారం పడమటికి శూల అని అమ్మగారు పట్టుబడితే శనివారమే కదలండి, ఆ నమ్మకం దగ్గర ఆవిడతో వాదించకండి. మంగళవారం విమానమనే పట్టింపు ఉంటే, ప్రయాణం ఇల్లు కదిలిన రోజు నుంచే లెక్క అని చెప్పొచ్చు.

ఇంకో దారి మీరు ఉత్తరంలో రాయలేదు. కాన్పు సమయానికి మీ చెల్లెలి అత్తగారు వెళ్ళడం, అమ్మ మార్చి నెలాఖరుకో ఏప్రిల్‌లోనో వెళ్ళడం. అప్పటికి మంచు ఉండదు, నాన్నగారి పరీక్షలు అయిపోతాయి, తోడు చూసుకోవడానికి టైమ్ ఉంటుంది. కానీ తొలి కాన్పుకి అమ్మ పక్కన లేదన్నది మీ చెల్లెలు మర్చిపోదు, అమ్మగారు కూడా మర్చిపోలేరు. ఆ అమ్మాయినే అడగండి, ఆవిడ ఒప్పుకుంటేనే ఇది దారి. ఇక అసలు వెళ్ళకపోవడం. అది కూడా తప్పు కాదు, అన్నీ నిజంగా తెలిసి, నాన్న దగ్గర ఉండిపోతానని అమ్మ అంటే దాన్ని గౌరవించాలి. కోపంలో, మోసపోయానన్న బాధలో అన్న "వెళ్ళను"ని మాత్రం ఆఖరి మాటగా తీసుకుని చెల్లెలికి చెప్పేయకండి.

వెళ్ళడమే అయితే తిరిగి వచ్చే టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. ఇమ్మిగ్రేషన్‌లో సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు, అంతమాత్రాన ఆరు నెలలూ ఉండాలని లేదు. మూడు నెలలకి రిటర్న్ వేసి, అవసరమైతే ముందుకో వెనక్కో జరుపుకోవచ్చని చెప్తే, "ఎప్పుడంటే అప్పుడు బయల్దేరగలను" అన్న ధైర్యం ఆవిడకి ఉంటుంది. ఆవిడకి కావాల్సింది అదే కదా. 20వ తేదీ మంచిదే, డెలివరీకి మూడు వారాల ముందు. పగలు రాత్రి తలకిందులైన ఒళ్ళు సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుంది, మరీ దగ్గరగా వెళ్తే బాలింతని చూసుకోవాల్సిన మనిషి తనే నిద్ర లేక తూలుతూ ఉంటారు. ఇన్సూరెన్స్ తీసుకోండి, అయితే పాత జబ్బులకి చాలా పాలసీల్లో పూర్తిగా ఇవ్వరు, షుగర్ విషయం దాచకుండా అడిగి కొనండి.

బయల్దేరే ముందు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. ఒక పక్క అమ్మ పేరు, చెల్లెలి అడ్రసు, ఫోన్ నంబర్లు, "కూతురి డెలివరీకి వచ్చాను, మూడు నెలలు ఉంటాను" అన్న మాట ఇంగ్లీష్‌లో. ఇమ్మిగ్రేషన్‌లో ఇంగ్లీష్ రాదని చెప్తే తెలుగు మాట్లాడేవాళ్ళని ఫోన్‌లో కలిపే ఏర్పాటు ఉంటుంది, అడగడానికి భయపడొద్దని చెప్పండి. రెండో పక్క మన టైమ్ ప్రకారం ఎప్పుడు ఎక్కడ ఉంటారో తెలుగులో రాయండి, 8:10 దుబాయ్ దిగడం, 11:30 మళ్ళీ ఎక్కడం, రేపు తెల్లవారుజాము 3:30 డాలస్. చేతి వాచీ మార్చకుండా మన టైమ్‌లోనే ఉంచుకోమనండి. కిటికీలోంచి వెలుగు చూసి టైమ్ అంచనా వేసుకుంటే కంగారు పడతారు, బాగా ఉత్తరంగా వెళ్తే జనవరిలో అక్కడ మధ్యాహ్నం కూడా చీకటే. అదే కాగితం ఇంకోటి నాన్నగారికి ఇవ్వండి. ఆయన మంచం పక్కన గడియారం చూసుకుంటూ "ఇప్పుడు దుబాయ్‌లో ఉంటుంది" అనుకుంటారు. ఆ రాత్రి 3:30కి మీరూ మేలుకుని ఉండండి.

కురిడీ కొబ్బరి మాత్రం పెట్టెలో పెట్టనివ్వకండి. చూలాలైన కూతురికని అమ్మగారు తప్పకుండా పెట్టాలనుకుంటారు, కానీ ఎండు కొబ్బరి దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకు కిందకి వస్తుంది, విమానంలో ఒప్పుకోరు. మాంసం పచ్చళ్ళు, పళ్ళు, కూరగాయలు, విత్తనాలు డాలస్‌లో తీసేసుకుంటారు. పూతరేకులు, కాజాలు, ఆవకాయ గట్టిగా ప్యాక్ చేయించి, తినే వస్తువులు ఉన్నాయని అడిగినప్పుడు ఉన్నాయనే చెప్పమనండి.